ఆ కారు నడిపింది నేనే

పదిహేనేళ్లుగా ఒక మాట నా లోపల మోస్తున్నాను. దానితోనే వంట చేశాను, పిల్లల్ని బడికి పంపాను, పండగలు చేసుకున్నాను. బాధతో కుంగిపోయానని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. నా బతుకు హాయిగానే గడిచింది. ఆ హాయి కింద ఒక మనిషి పేరు నలిగిపోయిందని తెలిసి కూడా హాయిగా ఉండగలిగాను. మీతో చెప్పవలసింది అదే. పేర్లు మార్చాను. మిగిలినదేదీ మార్చలేదు.

మాది కృష్ణా జిల్లా. మావారికి పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో సంగారెడ్డి రోడ్డులో ఒక కాలనీలో స్థిరపడ్డాం. తొంభైల మొదట్లో పాత కారు ఒకటి కొని, నడపడానికి యాదగిరిని పెట్టుకున్నాం. కంది దగ్గర పల్లె అతనిది. ముప్ఫై ఏళ్లుంటాయి, నెమ్మదస్తుడు. మావారు క్యాంపులకు వెళ్లినప్పుడు కాలనీ వెనక ఖాళీ స్థలంలో నాకు కారు నేర్పేవాడు. నాకు లైసెన్సు లేదు. నేర్చుకుంటున్న సంగతి మావారికి తెలియదు. బాగా వచ్చాక ఒకరోజు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాలని నా సరదా.

ఒక ఆదివారం పొద్దున మెయిన్ రోడ్డు మీద నడుపుతానని పట్టుబట్టాను. యాదగిరి వద్దన్నాడు. వినలేదు. ఆ పది నిమిషాలు నేనెంత సంతోషంగా ఉన్నానో ఇప్పటికీ గుర్తుంది. కిటికీలోంచి గాలి, రెండు పక్కలా జొన్నచేలు. కంది దాటాక ఒకావిడ నెత్తిన గడ్డిమోపుతో రోడ్డు అంచున నడుస్తోంది. మోపు చాటున ఆవిడకి మేం కనబడలేదు. నాకు ఆవిడ కనబడింది. స్పష్టంగా కనబడింది. బ్రేకు అనుకుని నేను తొక్కింది బ్రేకు కాదు.

దిగి చూస్తే ఆవిడ చెదిరిన గడ్డిలో పడి ఉంది. స్పృహ లేదు. కుడికాలు మోకాలి కింద వంకర తిరిగిపోయింది. యాదగిరి ఆవిడని వెనక సీట్లో పడుకోబెట్టి, తల నా ఒళ్లో పెట్టాడు. తను స్టీరింగు ముందు కూర్చుని, అద్దంలోంచి నన్ను చూస్తూ అన్నాడు.

“అమ్మా, మీకు లైసెన్స్ లేదు. గీ సంగతి బయటపడితె ఇన్సూరెన్సోళ్లు ఈమెకు పైసలియ్యరు. నేనే నడిపిన అని చెప్త.”

“నీ మీద కేసు పెడతారు కదా యాదగిరీ?”

“పెడ్తె పెట్టనియ్యుండ్రి. కూలి చేసుకునే మనిషి లెక్క కనవడ్తున్నది. కాలు పోతె ఎట్ల బతుకుతది?”

“సరే” అన్నాను. వెంటనే అన్నాను. అతను ఆవిడ కాలు తలుచుకుని ఆ మాట అన్నాడు. నేను మావారి ముఖం తలుచుకుని ఒప్పుకున్నాను. నిజం చెప్పి ఉంటే ఆ పరిహారమేదో మేమే ఇచ్చుకోవలసి వచ్చేదేమో. ఇవ్వలేని వాళ్లమా? కాదు. ఆ ఆలోచన అప్పుడు నాకు రాలేదా, వచ్చినా రానట్టు ఊరుకున్నానా? ఎంత తవ్వి చూసుకున్నా తేలదు. ఆవిడని ఆసుపత్రిలో చేర్చాక, పోలీస్ స్టేషన్‌లో అతను చెప్పినట్టే రాసుకున్నారు. కింద నేను సంతకం చేశాను.

ఇంతవరకు విని మీరు నన్ను కొంత మన్నించవచ్చు. తర్వాతది వినండి.

మావారు క్యాంపు నుంచి రాగానే యాదగిరిని పిలిపించారు. భోజనాల గదిలో నిలబెట్టి, “నా భార్య కార్లో ఉండగా అలాగేనా నడిపేది? రేపటి నుంచి రావద్దు” అన్నారు. అక్కడ పోలీసులు లేరు, ఇన్సూరెన్సువాళ్లు లేరు. మా ఇంట్లో మావారితో నిజం చెబితే ఆవిడకి రావలసింది ఆగిపోయేదా? యాదగిరి నా వైపు ఒక్కసారి చూశాడు. నేను కంచాలు సర్దుతున్నాను. సర్దుతూనే ఉన్నాను. అతను కారు తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

కోర్టులో నేరం ఒప్పుకుని జరిమానా కట్టాడు. కేసున్న మనిషని ఫ్యాక్టరీల్లో ఎవరూ డ్రైవరుగా తీసుకోలేదు. ముత్తంగిలో లారీల దగ్గర కొన్నేళ్లు పనిచేసి, చివరికి సొంత ఆటో కొనుక్కున్నాడని విన్నాను. బాగానే ఉన్నాడు కదా అని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో.

ఆ గడ్డిమోపు ఆవిడ పేరు పెంటమ్మ. ఆలస్యంగానైనా పరిహారం చేతికొచ్చింది. రెండు బర్రెలు కొంది. కుంటుతూనే మా కాలనీలో పాలు పోయడం మొదలుపెట్టింది. ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనని నా మీద ఆవిడకి ఎంతో గురి. “నా పానం నిలవెట్టినవు బిడ్డా” అనేది. సీతాఫలాలు, పచ్చి అనపకాయలు కొంగులో మూటకట్టి తెచ్చేది. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. నా రెండో కాన్పుకి మా అమ్మ రాలేకపోతే పిల్లకి నీళ్లు పోసింది ఆవిడే. మా మధ్య ప్రేమ దొంగది కాదు. కానీ అది అబద్ధం మీద పెరిగింది. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఈ వేసవిలో ఆవిడని కళ్ల డాక్టరుకి చూపించడానికి పటాన్‌చెరు తీసుకెళ్లాను. బస్సు దిగి నిలబడితే మా ముందు ఒక ఆటో ఆగింది. యాదగిరి. జుట్టు నెరిసింది. “రాండ్రి అమ్మా, దింపుత” అన్నాడు నవ్వుతూ. పెంటమ్మ వెనక్కి జరిగింది.

“వాని బండి నేనెక్క. నా కాలిరగ్గొట్టినోడు” అంది, చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడేలా.

అతను తల దించుకుని ఆటో ముందుకు పోనిచ్చాడు. ఈసారి నా వైపు చూడలేదు.

ఇంటికి రాగానే చెప్పేశాను. “పెద్దమ్మా, ఆ రోజు కారు నడిపింది నేను. యాదగిరి కాదు.” మిగిలినదంతా కూడా చెప్పాను. ఆవిడ మోకాలి మీద చెయ్యి పెట్టుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“గన్నేండ్లు కనవడ్డకాడల్లా ఆయన్ని తిడ్తి” అంది. “ఒక్కనాడు మారుమాట అనలే.” కొంగు సర్దుకుని లేచి, “ఆయన ఇల్లు యాడ?” అని అడిగింది.

చెప్పాను. తోడు వస్తానంటే వద్దంది. గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

మావారికీ ఆ రోజే చెప్పాను. పేపరు మడిచి పక్కన పెట్టి, “అతన్ని నేను నిలబెట్టి మాట్లాడానే” అన్నారు. 

ఇది జరిగి రెండు నెలలు. పాలు ఇప్పుడు పెంటమ్మ కోడలు తెస్తోంది. అత్త యాదగిరి ఇంటికి పోయి చాయ్ తాగి వచ్చిందని ఆ అమ్మాయే చెప్పింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. నేనూ ఆ ఇంటికి వెళ్లాలి. ఇంకా వెళ్లలేదు. పెంటమ్మ మళ్లీ మా గుమ్మం తొక్కుతుందో లేదో తెలియదు.

మొన్న సంగారెడ్డి బస్సెక్కాను. ఇన్నేళ్లూ ఆ రోడ్డు మీద కళ్లు మూసుకుని కూర్చునేదాన్ని. ఈసారి కిటికీ పక్కన కూర్చుని, ఆ చోటు వచ్చేదాకా చూస్తూనే ఉన్నాను. పక్క సీట్లో ఒక ముసలాయన, “ఈడ ఎవలన్న ఉన్నరా మీకు?” అని అడిగాడు. లేరన్నాను. “ఒకప్పుడు ఇక్కడ నేను ఒకావిడని కారుతో గుద్దాను” అన్నాను. ఆయన తల ఊపి, సంచి సర్దుకున్నాడు. బస్సు ముందుకు పోయింది. నేను కళ్లు తెరుచుకునే కూర్చున్నాను.