బుగ్గ మీద తెలుపు

మాస్టారు పోయారన్న కబురు నేను కూర్మన్నపాలెం కూడలిలో షేర్ ఆటో ఎక్కబోతుండగా వచ్చింది. ఫోన్‌లో ఆయన భార్య. "మీ మాస్టారు ఎల్లిపోనారమ్మా. పొద్దున్న కాఫీ తాగి ఒరిగినారు, మరి లెగనేదు," అంది. ఆవిడ ఏడవలేదు. నేనూ ఏడవలేదు. ఆటో అతను "ఎక్కుతావేటమ్మా?" అని రెండుసార్లు అడిగి, చూసి చూసి వెళ్ళిపోయాడు.

ఆయన నాకు బడిలో పాఠం చెప్పిన మాస్టారు కాదు. గాజువాకలో ఒక ఫొటో స్టూడియో వెనక, కిటికీ లేని చిన్న గదిలో, ఎర్రబల్బు కింద నలుపు తెలుపు ఫొటోలు ప్రింట్ చేసే మనిషి. తొంభైల మొదట్లో మా ఆయనకి స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం వచ్చి మేము గోదావరి వైపు నుంచి ఇక్కడికి చేరాం. క్వార్టర్‌లో పగలంతా నాకు తోచేది కాదు. స్టూడియో తలుపు మీద 'పనికి మనిషి కావలెను' అన్న కాగితం చూసి లోపలికి వెళ్ళాను. ఆడమనిషిని చీకటిగదిలో పనికి పెట్టుకోవడమా అని యజమాని నసుగుతుంటే, మాస్టారు వెనక నుంచి వచ్చి నా అరచేతులు చూపించమన్నారు. "సెమట పట్టవు. కాయితం మీద మరక పడదు. రానీండి," అన్నారు. నా అర్హత అంతే.

ఆయన నడుముకి ఎప్పుడూ ఒక తువ్వాలు కట్టి ఉండేది. ఫొటో కడిగే మందులో ముంచిన వేళ్ళు కడుక్కుని, తుడుచుకుని, ఆరాయో లేదో పెదవికి ఆనించి చూసుకుని కానీ కొత్త కాగితం ముట్టుకునేవారు కాదు. 'సుమారుగా' అన్న మాట ఆయన దగ్గర అనకూడదు. ఎన్ని సెకన్లమ్మా అని అడిగితే అంకె చెప్పాలి.

నేను చేరిన నెలలోనే ఒకావిడ పోర్టులో పనిచేస్తూ చనిపోయిన భర్త నెగటివ్ తెచ్చింది. పెద్ద ఫొటో కావాలంది. వెలుగు ఎక్కువ పడితే కాగితం నల్లబడిపోతుంది, అందుకని ఎంతసేపు పడాలో తెలుసుకోవడానికి ముందు చిన్న ముక్క మీద పరీక్ష చేస్తాం. దాన్ని టెస్ట్ స్ట్రిప్ అంటాం. నేను టైమర్‌ని మూడు సెకన్లకి పెట్టి, అట్టముక్కతో కాగితాన్ని కొంచెం కొంచెంగా కప్పుకుంటూ, నెగటివ్‌ని పెద్దది చేసి చూపే ఎన్‌లార్జర్ దీపాన్ని అయిదుసార్లు వెలిగించాను. అయిదుసార్లూ వెలుగు పడ్డ చివరి పట్టీ చక్కగా వచ్చింది. అయిదు మూళ్ళు పదిహేను. పెద్ద కాగితం పెట్టి ఒకేసారి పదిహేను సెకన్లు ఇచ్చాను. ఆ మనిషి మొహం బొగ్గులా వచ్చింది.

"టైమర్ పాడైంది మాస్టారూ," అన్నాను.

"టైమర్ని అనకమ్మా. దీపం పూర్తిగా ఎలగడానికి కాస్త టైం తింటాది. నువ్వు అయిదుసార్లు ఎలిగించినావు, అయిదుసార్లూ తినేసింది. ఒకేసారి ఎలిగిస్తే ఒక్కసారే తింటాది. రెండూ ఒకటెలా అవుతాయి?"

తరవాత అయిదు ముక్కలు కోసి, ఒక్కొక్కదాన్నీ అదే చోట, ఆ మనిషి బుగ్గ పడే చోట పెట్టించారు. ఒక్కో ముక్కకీ ఒక్కో అంకె, మధ్యలో ఆపకుండా. అంత కాగితం పాడవుతోందే అని నేను నొచ్చుకుంటే, "కాయితం పోతే పోనీ. మొకం పోకూడదు," అన్నారు. ఆ మాట ఆ గదిలో ఎన్నిసార్లు విన్నానో. ఫొటో తీసుకున్న ఆవిడ దాన్ని చీర కొంగుతో తుడిచి, బుగ్గ మీద వేలు పెట్టి చూసి వెళ్ళిపోయింది.

ఏడాదికోసారి, వానాకాలంలో ఒక ఆదివారం, స్టూడియో మూసి ఉన్నప్పుడు మాస్టారు ఒక్కరే వచ్చి పని చేసుకునేవారు. మూడో ఏడు నేను మరిచిపోయిన గొడుగు కోసం వెళ్ళి చూశాను. ట్రేలో ఒక పిల్ల మొహం. ఎనిమిదేళ్ళుంటాయి. పొగలోంచి చూస్తున్నట్టుంది.

"మా అమ్మాయి," అన్నారు. "జొరంతో పోయింది. అందరి పిల్లలకీ తీసినాను, దానికి ఒక్కటే తీసినాను. అదీ పెళ్ళి ఆర్డరుకి పోతా పోతా, మబ్బుల్లో, తొందర్లో. ఎలుగు సాల్నేదు."

నెగటివ్ మరీ పలచగా ఉంది. అలాంటిదానికి రెండు మూడు సెకన్లు చాలు. అంత చిన్న అంకె దగ్గర టైమర్ అర సెకను తప్పినా మొహం మారిపోతుంది. ఆయన వెలుగు తక్కువ పడేలా లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, టైం పెంచి, చేతిగడియారం పక్కన పెట్టుకుని చేసేవారు. అయినా ఆ బుగ్గ మీద తెలుపు రాలేదు. కెమెరా పట్టనిది చీకటిగదిలో ఎక్కడి నుంచి వస్తుంది? ఆ సంగతి ఆయనకి నాకంటే బాగా తెలుసు.

తరవాత కలర్ ల్యాబులు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. స్టూడియో వెనక గది సామాన్ల గది అయింది. ఎన్‌లార్జర్‌నీ టైమర్‌నీ ఎవరికీ అక్కర్లేదంటే మాస్టారు ఇంటికి తీసుకుపోయారు. నలుపు తెలుపు కాగితం దొరకడం మానేసింది. సరిగ్గా అప్పుడే ఆయన చూపు తగ్గడం మొదలైంది. సీతమ్మధారలో కళ్ళ డాక్టరు, నరం ఎండిపోతోంది, పోయిన చూపు ఇక రాదని చెప్పాడు.

కిందటి వానాకాలంలో కబురు పంపారు. వెళ్ళాను. బీరువాలో పాత పెట్టె ఒకటి దొరికిందట, అందులో మూడు కాగితాలున్నాయట. పట్టపగలు కిటికీలకి దుప్పట్లు కట్టుకుని, ఎర్రబల్బు వెలిగించుకుని కూర్చున్నాం. "నువ్వు సూసి సెప్పు, నాను లెక్కెడతాను," అన్నారు.

ముందు ఒక ముక్కని వెలుగు చూపించకుండానే మందులో వేయించారు. తెల్లగా ఉండాల్సింది బూడిదరంగుకి తిరిగింది. చెప్పాను. "పాతబడిపోనాది," అన్నారు. "అయినా సూద్దాం."

రెండు కాగితాలు ముక్కలుగా అయిపోయాయి. మూడోది చేతిలో పట్టుకుని నేను, "ఇది ఆఖరిది మాస్టారూ. కొయ్యొద్దండీ, ఫొటో వేసేద్దాం," అన్నాను.

"దానికి తొందర్లో ఒకసారి సేసినాను. మళ్ళీ సెయ్యను. కొయ్యి."

కోశాను. ఆయన సెకన్లు పైకి లెక్కపెట్టారు. ముక్కలు ట్రేలో తేలాయి.

"ఏటి తెలుత్తంది?"

నాకు అబద్ధం ఆడాలనిపించింది. ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన చూడలేరు, అడిగేవాళ్ళు ఇంకెవరూ లేరు. కానీ ఆ గదిలో ఆయన నాకు నేర్పింది ఒక్కటే, ఉన్నది చెప్పడం.

"పధ్నాలుగు సెకన్ల ముక్కలో కళ్ళు తెలుస్తున్నాయి మాస్టారూ. బుగ్గ మీద తెలుపు లేదు."

"కళ్ళు తెలుత్తన్నాయా?"

"తెలుస్తున్నాయండీ."

ఆయన పోయిన ఈ వారమంతా అదే ఆలోచిస్తున్నాను. అబద్ధం ఆడి ఉంటే ఆయన ఈ ఏడాది కాస్త నిమ్మళంగా బతికేవారేమో. నాకు తెలియదు. ఇప్పుడు తెలిసినా చెయ్యగలిగిందేమీ లేదు.

ఆ రోజు, ఎందుకూ పనికిరాని ఆ ముక్కలని పారేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. పంపు కింద గంటసేపు, అసలు ఫొటోని కడిగినట్టే, ఒక్కొక్కదాన్నీ తిప్పి తిప్పి కడిగారు. పెరట్లో తీగకి క్లిప్పులు పెట్టి తడుముకుంటూ వేలాడదీశారు. దుప్పట్లు తీసేసి నేను బయటికి వచ్చేసరికి, ఆయన తీగ కింద స్టూలు వేసుకుని కూర్చున్నారు. ముక్కల అంచుల నుంచి నీళ్ళు చుక్కచుక్కగా ఆయన తల మీదా భుజాల మీదా పడుతున్నాయి. ఆయన జరగలేదు.