గోడ మీద లేసు పువ్వు

చూపు పోయాక మా అత్తగారు గడప దాటడం మానేశారు. అంతకుముందు నరసాపురంలో మా వీధి ఆడపిల్లలందరూ ఆవిడ దగ్గర లేసు అల్లడం నేర్చుకున్నవాళ్ళే. "రేవు దాకా వెళ్ళొద్దాం రండి, కాస్త గాలి తగులుతుంది" అంటే, "కిటికీలోంచి వస్తోందిగా అమ్మా" అనేవారు.

ఆ రోజుల్లోనే మునిసిపాలిటీవాళ్ళు రేవు దారిలో ఉన్న పాత గోడను బాగుచేసి బొమ్మలు వేయించాలనుకున్నారు. రాజమండ్రి నుంచి ఒక చిత్రకారిణి వచ్చింది, చిన్నపిల్లే. మా బట్టల కొట్టుకొచ్చి అడిగింది.

"పచ్చి సిమెంటు మీద ఈ ఊరివాళ్ళ చేతిపని అద్దిస్తున్నానండి. మీ ఇంట్లో లేసు ఏమైనా ఉందా?"

అత్తగారు అల్లిన గుండ్రటి పువ్వు తెచ్చి, ఆవిడ సంగతి చెప్పాను. ఆ పిల్ల పువ్వు తీసుకోలేదు.

"ఆవిణ్ణే రమ్మనండి. ఇది చేత్తో తడిమి చూసే బొమ్మండి."

తనే ఇంటికొచ్చి బతిమాలితే అత్తగారు కాదనలేకపోయారు. ఆటోలో తీసుకెళ్ళాను.

గోడ దగ్గర చేపలమ్మే ఆడవాళ్ళున్నారు. అక్కడ గంపలు దించితే మా వీధి వ్యాపారులు అదిలించేవారు. ఆ పిల్ల వాళ్ళనీ పిలిచింది. ఒక పెద్దామె పాత వల ముక్కను సిమెంటులోకి నొక్కుతోంది. అత్తగారు తడబడటం చూసి ఆ పెద్దామే ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడండి అమ్మగారూ, కొంచెం పైకి. ఆఁ, ఇప్పుడు నొక్కండి."

లేసు తీశాక అత్తగారు ఆ అచ్చును మెల్లగా తడిమారు. "నాదే!" అన్నారు. వేళ్ళు పక్కకు జరిగాయి.

"ఇదేంటి?"

"మా ఆయన వలండి. ఆయన పోయారు, వల మిగిలింది."

"ముడి ఎంత బిగువుగా వేశారమ్మా!" అన్నారు అత్తగారు. ఇద్దరూ అక్కడే కూలబడి కబుర్లలో పడ్డారు. నేను కొట్టు సంగతే మరిచిపోయాను.

ఆ పిల్ల పట్టుబట్టి గోడ కింద పొడవాటి అరుగు కట్టించింది. ఇప్పుడు దాని మీద పడవ కోసం చూసేవాళ్ళు, గంపలు దించినవాళ్ళు, మా వ్యాపారులు అందరూ కూర్చుంటారు. అటు వెళ్ళినప్పుడల్లా ఆ పిల్లకు మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను.

సాయంత్రాలు నాకు కొట్టులో తీరకపోతే ఆ పెద్దామే వచ్చి అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. ఒకప్పుడు చేపల వాసనకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే అత్తగారు, ఇప్పుడు ఆ వాసన వీధి మలుపులో ఉండగానే పసిగట్టి, చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటారు.