గంట నిండేలోగా

ఆదివారం ఉదయం 6.10కి రాజమండ్రి కాంప్లెక్సులో జంగారెడ్డిగూడెం బస్సెక్కాను. చేతిలో మూడు గిన్నెల ఖాళీ క్యారియరు. టిఫిను రెండిడ్లీలతో ఆపేశాను, మధ్యాహ్నానికి చోటు కావాలి కదా.

"భోజనం పట్టుకెళ్తున్నారాండి?" అన్నాడు పక్క సీటాయన.

"ఖాళీదండి. వచ్చేటప్పుడు మాంసంతో నిండుతుంది."

మా చెల్లెలి భర్త సత్తిబాబు బైకు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలు బాగుపడితే అమ్మవారికి మేకపోతునిస్తానని వాళ్ళమ్మ మొక్కుకుంది. బాగుపడింది, ఇవాళ మొక్కు తీర్చడం. 8.40కి బస్సు దిగాను. అక్కణ్ణుంచి ఆటోలో ఇరవై నిమిషాలు, దారంతా పామాయిల్ తోటలే.

వాళ్ళింటి ఆచారం ప్రకారం మేకపోతు వీపు మీద నీళ్ళు పోస్తారు. గంట నిండేలోగా అది ఒళ్ళు విదిలిస్తే ఒప్పుకున్నట్టు, కోస్తారు. లేదంటే వదిలేస్తారు, అలాగైనా మొక్కు తీరినట్టే. సెకన్లతో సహా టైము చెప్పే మనిషినని గడియారం పని నాకప్పగించారు.

10.05కి మొదటి చెంబు పోశారు. మేకపోతు కదల్లేదు. 10.20కి రెండోది పోశారు. అది నింపాదిగా వచ్చి నా క్యారియరు మూత నాకింది.

"తడిస్తే ఏ జంతువైనా విదిలిస్తుంది. అది ఒప్పుకోవడమంటారా?" అని మొక్కుకున్న పెద్దావిణ్ణి అడిగాను.

"మేం గంటసేపు అడుగుతున్నాం బాబూ. మీ రాజమండ్రి షాపులో కోడినెవరైనా అడిగారా?"

10.50కి సత్తిబాబు దాని చెవిలో ఊదబోయాడు. తల్లి చేతి మీద ఒక్కటిచ్చింది. "అడగాలిరా, బలవంతం చెయ్యకూడదు!"

ఇక అయిపోవచ్చిందనగా మేకపోతు మెడ నుంచి తోక దాకా విదిలించింది. భోజనాలకొచ్చిన ముప్పైమందీ నా వైపు తిరిగారు.

"టైమెంతండి బావగారూ?"

"గంట నిండిపోయింది."

"మీ వాచీ ముందుందేమో చూడండి!"

పెద్దావిడ అప్పటికే తాడు విప్పేసింది. భోజనంలో ముద్దపప్పు, దప్పళం. నా విస్తరి దగ్గరికి నెయ్యి రెండోసారి రాలేదు.

తిరుగు బస్సు 2.30కి. మేకపోతు విదిలించిన అసలు టైము యాభై తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు. లెక్కలో సెకను మింగి ఎరగనివాణ్ణి, ఇరవై మింగాను. ఆ గుబులు కొవ్వూరు దాకా ఉంది. వంతెనెక్కేసరికి ఇంటి నుంచి మా ఆవిడ ఫోను. సంగతి చెప్పాను.

"క్యారియర్లో పప్పా? బాగానే ఉంది. అర కిలో చికెన్ పట్టుకురండి."

5.15కి షాపు ముందు నిలబడ్డాను. షాపతను బోనులో చెయ్యి పెట్టి అడిగాడు.

"స్కిన్నా, స్కిన్‌లెస్సాండి?"

అడిగింది ఆ ఒక్కటే. అదీ నన్ను.

"ఒక్క నిమిషం," అన్నాను.

వెనక ఐదుగురున్నారు. "తేల్చండి గురువుగారూ," అన్నాడొకాయన, "ఒక్క నిమిషమన్నారు, రెండయ్యాయి!"