జింకల కోసం వేసిన జొన్న

మా అపార్ట్‌మెంట్ వెనక వీధిలో పాలవాళ్ల కొట్టం ఒకటుంది. పొద్దున్నే ట్రాలీ ఆటోలో పచ్చి జొన్న చొప్ప దిగుతుంది. దాన్ని మిషన్‌లో పెట్టి ముక్కలుగా నరుకుతుంటే తీపీ వగరూ కలిసిన పచ్చి వాసన మూడో అంతస్తు దాకా వస్తుంది. నేను వెళ్లి కిటికీ మూసేస్తాను. దుమ్ముకు మూస్తున్నానని ఇంట్లో అనుకుంటారు, నేనూ కాదనను.

జగిత్యాల దిక్కున మా ఊళ్లో మాకు గడి, అంటే దొరల కోటలాంటి ఇల్లు, ఉండేది. నేను పుట్టేసరికి దానికి సగం కప్పే మిగిలింది, భూములు అప్పటికే చేతులు మారాయి. అయినా ఊళ్లో మా నాన్న నడిచి వస్తుంటే అరుగుల మీద వాళ్లు లేచి నిలబడటం మానలేదు. ఆ గౌరవం తప్ప ఇంకేమీ లేని ఇంటి నుంచి ఆయన రాస్ అల్ ఖైమాలో, కొండల పాదాన ఉన్న ఒక అరబ్బు తోటకు మేనేజరుగా వెళ్లాడు, తర్వాత అమ్మనూ నన్నూ తీసుకెళ్లాడు. "కూలికి రాలేదు, ముదీర్‌గా వచ్చినం" అని అమ్మ ఫోన్‌లో చుట్టాలందరికీ చెప్పేది. ఖర్జూరపు చెట్ల వెనక మాకు రెండు గదులు. ఏసీ రైలింజన్‌లా మోగుతుండేది, ఇసుక తలుపు సందుల్లోంచి వచ్చి మంచాల కిందికి చేరేది. అక్కడ కూడా అమ్మ గంజి పెట్టిన చీరే కట్టేది, సూట్‌కేసులో తెచ్చిన ఇత్తడి పళ్లాల్లోనే అన్నం పెట్టేది. బతుకమ్మ పండుగకు తంగేడు దొరక్క కాగితం పూలూ బిళ్ల గన్నేరూ పేర్చి, మలీద ముద్దలు చేసి, ఒక్కతే బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడేది. వెనక చప్పట్లు కొట్టడానికి నేనొక్కదాన్నే ఉండేదాన్ని. ఖర్జూరపు గింజలతో గచ్చకాయలాడటం, తిరుగుతూ నీళ్లు చిమ్మే పైపుకు అందకుండా పరుగెత్తడం నా ఆటలు.

తోట యజమానిని అందరూ అర్బాబ్ అనేవారు. ఆయనకు జింకలంటే ప్రాణం. తన చిన్నతనంలో కొండల మీంచి మందలుగా దిగేవట, ఇప్పుడు నాలుగైదు కూడా దిగడం లేదని బాధపడేవాడు. అందుకే ఎండలు తగ్గగానే, దసరా అటూ ఇటూగా, తోట వెనక వాగు ఒడ్డున వాటి కోసమే మూడు మడులు చల్లించేవాడు. ఒకటి జత్, అంటే పశువులకు ఏడాదంతా కోసి వేసే పచ్చిమేత. ఇంకొకటి బార్లీ. మూడోది జొన్న, అది మా నాన్న ఆలోచన. ఒకటి అయిపోయేసరికి ఇంకొకటి అందేలా, మార్చి దాకా పచ్చదనం ఉండేలా వెనకాముందూ విత్తేవారు. మొక్క నిలదొక్కుకునే దాకా చుట్టూ వల కంచె ఉండేది, తర్వాత తెల్లవారగానే కొండ వైపు తలుపులు తెరిచేవారు. డిసెంబరు మంచులో ఇసుక రంగు జింకలు ఇసుకలోంచే లేచినట్టు వచ్చేవి. రెండు కొరుకులకు ఒకసారి తలెత్తి చూసేవి, నల్లటి తోకలు ఊరికే ఉండేవి కావు. అవి వెళ్లాక నేను మడి గట్టున మినుముల్లాంటి పెంటికలు లెక్కపెట్టి ఎన్ని వచ్చాయో అంచనా వేసేదాన్ని. శుక్రవారాలు అర్బాబ్ స్నేహితులను పిలిచి, తివాచీలు పరిచి, కావా అనే వాళ్ల కాఫీ తాగుతూ వాటిని చూపించేవాడు.

మడుల పనంతా రాజలింగానిది. మా ఊరివాడే. అతని తండ్రి మా తాత దగ్గర గడిలో జీతం ఉన్నాడు. దుబాయ్‌లో అల్ వర్సాన్ క్యాంపులో ఉండి సిమెంటు మోస్తున్నవాణ్ని మా నాన్నే అర్బాబ్‌కు చెప్పి తోటకు తెప్పించాడు. మా నాన్నకూ వ్యవసాయం తెలుసు, గడి అరుగు మీద నుంచి చూసినంత.

రెండు వేల పన్నెండులో, నాకు పదేళ్లప్పుడు, దసరా నాడు వాగు ఒడ్డున జమ్మి చెట్టు దగ్గరికి వెళ్లాం. అక్కడ దాన్ని ఘాఫ్ అంటారు కానీ మన జమ్మే. మా ఊళ్లో రాజలింగం తండ్రి జమ్మి ఆకు మా తాత కాళ్ల దగ్గర పెట్టి దండం పెట్టేవాడట. రాజలింగం ఆకును మా నాన్న చేతిలో పెట్టాడు, ఆ మీదట రెండు చేతులూ చాచి కావలించుకున్నాడు.

"అలయ్ బలయ్, దొరా! ఈడ మనిద్దరం అర్బాబ్‌కు జీతగాళ్లమే గద!"

నాన్న నవ్వాడు, కానీ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. అమ్మ ఇంటికొచ్చి గారెలు వేస్తూ అంటూనే ఉంది: "చేతుల పెట్టుడు, కావలించుకునుడు! విమానమెక్కంగనే సమానమైపోయిండా?" ఆ రోజు నుంచి అతను నన్ను చిన్న దొరసాని అనడం మాని బిడ్డా అనడం మొదలుపెట్టాడు. ఆ పిలుపుకు నేను పలికేదాన్ని కాదు.

నవంబరు చివర జొన్నను ఒకసారి కోసి మేకలకు వేశారు. మోళ్ల నుంచి పిలకలు వస్తున్న సమయంలో మోటారు కాలిపోయింది. జత్ మడికి ట్యాంకరు నీళ్లతో సరిపెట్టారు, జొన్నకు వారం పైన తడి లేదు. నాన్న అర్బాబ్ వెంట ఎడారిలోకి వెళ్లి ఉన్నాడు. రాజలింగం మోటారును దుబాయ్‌లోని డేరా బజారులో బాగు చేయించడానికి బయల్దేరుతూ, మెట్ల మీద హోంవర్కు చేసుకుంటున్న నా దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, బాపు ఫోన్ కలుస్తలేదు. రాంగనే చెప్పు. జొన్నకు నాము పట్టింది. నేనచ్చి రెండు తడులు కట్టేదాంక ఆ జాలి దర్వాజ తియ్యొద్దు. తింటే జింకలు సస్తయ్. జత్ మడి తెరుసుకోవచ్చు."

నేను తల ఎత్తకుండానే అన్నాను. "నన్ను బిడ్డా అనకు."

"మరేమనాలె? మేడమా?" అని పెద్దగా నవ్వాడు. "సరే మేడం, బాపుకు చెప్పుర్రి. యాది మరువకుర్రి."

కోసిన జొన్న మోళ్ల నుంచి వచ్చే పిలకలు నీళ్లు లేక వాడితే వాటికి విషమెక్కుతుంది. దాన్నే నాము అంటారు. పశువులు కాసే ఏ ఇంట్లోనైనా చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. మా వంశంలో పశువులను కాసినవాళ్లు లేరు కనుక మా నాన్నకు తెలియదు.

గురువారం సాయంత్రం నాన్న వచ్చాడు. అన్నం దగ్గర చెప్పడానికి నోరు తెరిచాను, మళ్లీ మూసుకున్నాను. మా ఇంటి జీతగాడి కొడుకు పంపిన హుకుమును మా నాన్నకు నేను మోయడమేమిటి, వచ్చి తనే చేతులు కట్టుకుని చెప్పుకుంటాడు అనుకున్నాను. జింకలు చస్తాయన్న మాట నేను నమ్మలేదని ఇక్కడ రాయబోయి ఆగాను. నమ్మాను.

మర్నాడు తెల్లవారగానే అర్బాబ్ అతిథులతో వచ్చాడు. బార్లీ ఇంకా ఎదగలేదు, నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని మిగిలిన రెండు మడుల తలుపులూ తనే తెరిచాడు. ఐదు జింకలు దిగాయి. జత్ వైపు రెండు వెళ్లాయి, మూడు జొన్నలోకి. అతిథులకు రెండోసారి కావా పోస్తుండగా జొన్నలో ఉన్న ఒకటి ముందు కాళ్ల మీద కూలింది. కాసేపటికి మిగిలిన రెండూ పడ్డాయి. ఎవరో పరుగెత్తబోయారు. అర్బాబ్ కప్పు కింద పెట్టి "ఖలాస్" అన్నాడు, అంతే. నేను కంచె ఇవతలే నిలబడి ఉన్నాను. ఒకదాని పొట్ట ఇంకా ఎగసిపడుతూనే ఉంది.

మధ్యాహ్నం రాజలింగం మోటారుతో వచ్చాడు. పడి ఉన్న జింకలను చూడగానే "నాము పట్టిన జొన్న తిన్నయ్" అన్నాడు. అర్బాబ్, అతిథులు, నాన్న అందరూ అక్కడే ఉన్నారు.

"నాము పట్టిందని ఎరుకుండి చెప్పకపోతివేందిరా?" అన్నాడు నాన్న.

"చెప్పిన, దొరా. బిడ్డకు చెప్పి పోయిన."

నాన్న నా వైపు తిరిగాడు. "చెప్పిండా?"

"లేదు" అన్నాను.

నాన్న నడుం నిటారుగా చేసి అర్బాబ్‌తో అన్నాడు: "మేరీ బేటీ ఝూట్ నహీ బోల్తీ. హమారే ఖాందాన్ మే కోయీ నహీ బోల్తా." నా కూతురు అబద్ధమాడదని, మా వంశంలోనే ఎవరూ ఆడరని.

రాజలింగం నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే నేను ఏడ్చి నిజం చెప్పేసేదాన్నని చాలాసార్లు అనుకున్నాను. అది కూడా నాకు నేను చెప్పుకునే మాటే కావచ్చు. అతను భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అయితే చెప్పలె, దొరా" అన్నాడు.

గడి ముందు దొర ఏది జరిగిందంటే అదే జరిగినట్టు. ఆ కథలు మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్లం. వాటిలో ఎదుటి మనిషి ముఖం ఎలా ఉండేదో నేను చూసింది ఆ ఒక్కసారే. అర్బాబ్ అతని వీసా రద్దు చేయించాడు. మూడో రోజుకల్లా రాజలింగం పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు, మా ఇంటి ముందు నుంచే వెళ్లాడు, మా నాన్నకు దండం పెట్టి మరీ. నాన్న ఉద్యోగం నిలిచింది. జొన్న మడిని దున్నించేశారు. ఆ చలికాలం జింకలు మళ్లీ దిగలేదు.

ఇప్పుడు ఆ వాగు ఒడ్డున అద్దెకిచ్చే విల్లాలు కట్టారని అక్కడే ఉన్న ఒక చుట్టం చెప్పాడు. వాగులో కంకర లారీలకు రోడ్డు పడిందట, మేము ఉన్న రెండు గదులూ లేవు. అమ్మ లేదు. ఊళ్లో గడి రాళ్లు ఎవరెవరి ఇళ్లకో పునాదులయ్యాయి. నాన్న నా దగ్గరే ఉంటున్నాడు, ఇప్పటికీ కుర్చీకి వీపు ఆనించడు. రాజలింగం ఊళ్లోనే ఉన్నాడని, కౌలుకు వరి వేస్తున్నాడని తెలిసింది. వెళ్లి చెప్పాలనుకున్నాను. వెళ్లే ముందు నాన్నకు చెప్పడం ధర్మమనిపించి, కిందటి నెల ఒక ఆదివారం పొద్దున అంతా చెప్పాను.

ఆయన పేపరు దించలేదు.

"నాకెరుకే. అప్పుడే ఎరుక."

"మరి ఎందుకట్లన్నవ్, బాపు?"

"అంతమందిల నువ్వు లేదంటివి. నేనేం జెయ్యాలె?"

మా వంశంలో అబద్ధమాడింది నేనొక్కదాన్నే అని ఇన్నేళ్లూ సిగ్గుపడ్డాను. ఇప్పుడు రాజలింగం ఇంటికి పోతే ఇద్దరి తరఫునా చెప్పాలి. మా ఊరు బస్సులో ఇక్కడికి గంటన్నర. ఇంకా వెళ్లలేదు.