శుక్రవారం చివరి పీరియడు

ఎవరైనా నన్ను పొగిడితే నేను ముందు జేబు తడుముకుంటాను. మా ఆవిడ దీన్ని రోగం అంటుంది. "మీకు శాలువా కప్పినా తిరగేసి చూస్తారు, యాడన్నా చిరుగు ఉండాదేమోనని" అని నలుగురిలో నవ్వుతుంది. నవ్వనీ. తిరుత్తణిలో చీరలు నేసే ఇంట్లో పుట్టినవాణ్ణి, మడత విప్పకుండా ఏదీ నమ్మను.

అందుకే ప్రిన్సిపాల్ తన గదికి పిలిచి, కాఫీ తెప్పించి, "ఈ ఫెలోషిప్ మీకు తప్ప ఇంకెవరికీ ఇయ్యలేము సార్. మీరు ఉన్నది ఉన్నట్టు రాస్తారు" అన్నప్పుడు నా చెయ్యి జేబు మీదికి పోయింది. ఇన్నేళ్ళలో ఆ గదిలో నాకు కాఫీ దొరకడం అదే మొదలు.

సంగతేమిటంటే, మా కాలేజీలో ఏ డిగ్రీ పిల్లలైనా తప్పకుండా చదవాల్సిన కామన్ పేపర్లు కొన్ని ఉన్నాయి. పర్యావరణం, విలువల విద్య, అట్లాంటివి. వాటినెవరూ లెక్కచేయరు. పాసైతే చాలని పిల్లలు, సిలబస్ అయిపోతే చాలని మేము. ఆ క్లాసుల్లో పిల్లలు నిజంగా ఏం నేర్చుకుంటున్నారో చూసి చెప్పడానికి మాలోనే ఒకరిని ఏడాదిపాటు ఫెలోగా పెడతారట. నా లెక్కల క్లాసులు కొన్ని తగ్గిస్తారు. ఆ టైములో నేను వేరేవాళ్ళ క్లాసుల్లో కూర్చోవాలి, పిల్లల చేత రాయించాలి, వాళ్ళతో మాట్లాడాలి, చివర రిపోర్టు ఇవ్వాలి. "ముఖ్యంగా పర్యావరణం పేపరు చూడండి" అన్నాడు ప్రిన్సిపాల్, నేను లేచేటప్పుడు. ముఖ్యంగా ఎందుకో చెప్పలేదు.

పర్యావరణం చెప్పేవాళ్ళలో ఒకామె గెస్ట్ లెక్చరర్. కడంబత్తూరు నుంచి రోజూ రైల్లో వస్తుంది. మా మాదిరే తెలుగింటి పిల్ల. ఏటా వేసవిలో ఆమె ఉద్యోగం గడువు తీరిపోతుంది. కాలేజీ తెరిచేటప్పుడు మళ్ళీ పిలుస్తారో లేదో అని ఎదురుచూడాలి. వాళ్ళాయనకు ఫ్యాక్టరీ పని పోయిందని, ఇల్లు నడిచేది ఈ జీతంతోనేనని స్టాఫ్ రూంలో అందరికీ తెలుసు. ఆమెను మళ్ళీ పిలవడమా మానడమా అన్నది ఈసారి నా రిపోర్టు మీద పడింది.

పిల్లలందరినీ "మీ ఇంట్లో వాడిన నీళ్ళు ఎక్కడికి పోతాయి?" అని ఒక పేజీ రాయమన్నాను. వేరే మాస్టార్లు చెప్పే సెక్షన్ల వాళ్ళు పుస్తకంలో ఉన్న నిర్వచనం దించేశారు. ఈమె పిల్లలు మాత్రం రంగులద్దే తొట్టి నుంచి కాలవకు, కాలవ నుంచి చెరువుకు, చెరువు నుంచి ఫలానావాళ్ళ మడికి అని దారి పట్టి రాశారు. తమిళంలో రాసినవాళ్ళూ అంతే, ఇంగ్లీషులో రాసినవాళ్ళూ అంతే. ఇంత బాగా ఎట్లా రాస్తారు? ఎవరో చెప్పి రాయించి ఉండాలి. తేల్చుకుందామని శుక్రవారం చివరి పీరియడుకు ఆమె క్లాసుకు పోయాను. ఖాళీ. ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. మరుసటి వారమూ పోయాను. మళ్ళీ ఖాళీ. హాజరు మాత్రం కంప్యూటర్లో నిండుగా పడి ఉంది.

ఓహో, ఇదా కథ అనుకున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. క్లాసు ఎగ్గొడితే ఎగ్గొట్టింది, హాజరు వేసి మరీ ఎగ్గొట్టడమా? పైగా మనవాళ్ళ పిల్ల!

ఆ తర్వాతి శుక్రవారం ముందుగానే స్టేషనుకు పోయి టీ అంగడి పక్కన నక్కాను. నెత్తి నెరిసిన లెక్కల మాస్టారు, గోడచాటున! ముందు పిల్లలు వచ్చారు, వాళ్ళ వెనకే ఆమె. అందరూ ఒకే పెట్టెలోకి ఎక్కారు. నేనూ అదే పెట్టెలో అటు చివర కూర్చుని మొహానికి పేపరు అడ్డం పెట్టుకున్నాను.

రైలు కదిలింది. ఆమె కూర్చోలేదు. కిటికీ చువ్వ పట్టుకుని నిలబడి, "బయట చూడండిరా. పోయిన నెల ఈడ వరి ఉన్నింది. ఇప్పుడేముండాది?" అంది.

"రాళ్ళు నాటినారు మిస్. ప్లాట్లు."

"సరి. వాన పడితే ఆ నీళ్ళు ఇంతకుముందు యాడికి పోయినాయి? ఇంకమీదట యాడికి పోతాయి?"

ఒకడు తమిళంలో, ఒకతె తెలుగులో వాదులాడుకుంటూ అరక్కోణం దాటించారు. పూలబుట్ట పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ కూడా మధ్యలో దూరి తమ ఊరి చెరువు సంగతి చెప్పింది. తిరువాలంగాడు వచ్చేసరికి నా పేపరు ఒళ్ళోకి జారిపోయింది. పాఠం అంత బాగుంది మరి.

"సార్! మీరు యాడికి పోతాండారు?" అంది ఒక పిల్ల. అందరూ నా వైపు తిరిగారు. లెక్చరర్ మెల్లగా వచ్చి నా పక్కన కూర్చుంది. కాలేజీలో సార్ అనే మనిషి, రైల్లో అన్నా అంది.

"అన్నా, చివరి పీరియడు అయినాక వస్తే ఈ రైలు దొరకదు. తర్వాతి రైలుకు పోతే పిల్లోళ్ళు ఇల్లు చేరేకి చీకటి పడతాది. ఆడపిల్లోళ్ళని చదువు మాన్పిస్తామంటాండారు ఇంట్లో. టైంటేబుల్ మార్చమని అడిగినాను. కామన్ పేపరే గదా, అడ్జస్ట్ చేసుకోమన్నారు. చేసుకున్నాను."

"మరి ఊళ్ళో ఉండే పిల్లలకు?" నా బుద్ధి ఎక్కడికి పోతుంది!

"వాళ్ళకు మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు చెప్తాను." లేవబోతూ, "రైలు సంగతి రాయొద్దన్నా" అంది.

ఇల్లు చేరేదాకా అదే ఆలోచన. దాచిపెడితే ఆ ఖాళీ గదిని రేపు ఇంకొకరు చూస్తారు, అప్పుడామె దొంగ అవుతుంది. ఆమెను పంపించడానికి ప్రిన్సిపాల్ సాకు వెతుకుతున్నాడని నాకు గట్టి అనుమానం. సాకు దొరక్కుండా ప్రతి సందూ మూసేయాలనుకున్నాను. రైలు సంగతి దాచకుండా రాశాను, ఎందుకట్లా చెప్పాల్సి వచ్చిందో రాశాను, పిల్లల రాతలు జత చేశాను. ఈ కాలేజీలో కామన్ పేపరు నిజంగా నేర్పుతున్నది ఈమె ఒక్కతేనని బల్లగుద్ది రాశాను.

ప్రిన్సిపాల్ మీటింగులో నా రిపోర్టును ఆకాశానికెత్తాడు. అప్పుడే నాకు అనుమానమొచ్చింది.

"క్లాస్ రూం లేదు, పీరియడు లేదు, అయినా పిల్లోళ్ళు నేర్చుకున్నారు. అంటే ఈ పేపరుకు అవేవీ అక్కరలేదనే గదా? వచ్చే ఏడాది నుంచి ఫోన్లో వీడియో పాఠాలు పెట్టేద్దాం. రైల్లో పోతా పోతా చూసుకుంటారు. దీనికని గెస్ట్ లెక్చరర్ ఎందుకు?"

నేను లేచి అరిచాను. "నేను రాసింది ఆమె నేర్పిందని! రైలు నేర్పిందని కాదు!"

"కూర్చోండి సార్. మీ రిపోర్టే గదా ఇది" అన్నాడు.

చుట్టూ చూశాను. నేనూ ప్రిన్సిపాలూ ఎప్పుడు కూడబలుక్కున్నామో అన్నట్టు అందరూ నన్నే చూస్తున్నారు. స్టాఫ్ రూంలో ఆ సాయంత్రం నాతో ఎవరూ మాట్లాడలేదు. ఇంట్లో మా ఆవిడ కూడా, "ప్రిన్సిపాల్ మీకు ముందే ఏమీ చెప్పలేదా?" అని అడిగింది. అన్నం ముందు నుంచి లేచిపోయాను.

ఆమె ఆఖరిరోజున స్టేషనుకు పోయాను. తిడుతుందని సిద్ధపడే పోయాను. తిడితే నేనూ నాలుగు మాటలంటాను, నా కడుపులో మంటైనా తగ్గుతుంది. ఆమె బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"అమ్మా, నేను కావాలని రాయలేదు..." అని మొదలుపెట్టాను.

"అయ్యో, ఎందుకన్నా అట్ల చెప్తారు? మీరు నా మంచికే రాసినారు. మీ మింద నాకు ఏ అనుమానమూ లేదు" అంది. రైలొచ్చింది. "ఎండలో నిలబడొద్దన్నా, ఇంటికి పోండి" అని ఎక్కి వెళ్ళిపోయింది.

సిగ్గుతో అక్కడే నిలబడిపోయాను. ఆమె స్థానంలో నేనుంటే నన్ను నమ్మేవాణ్ణి కాదు.