వేట లేని నెలల్లో పెట్టుకున్న ఆపరేషన్లు

2012 ఆగస్టులో నన్ను శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఒక ఉపకేంద్రానికి బదిలీ చేశారు. కాగితం మీద నా హోదా ఏఎన్ఎం. ఊళ్లో అందరికీ నర్సమ్మను. ఉపకేంద్రం పైన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అక్కడ మెడికల్ ఆఫీసరు, ఆయనకూ నాకూ మధ్య ఒక సూపర్‌వైజరు. నా పరిధిలో మూడు ఊళ్లు ఉండేవి. రెండు వ్యవసాయపు ఊళ్లు, మూడోది సముద్రపు వేట మీద బతికేది. ఇప్పుడు రాసేది ఆ మూడో ఊళ్లో 2017 ఏప్రిల్, మే నెలల్లో జరిగిన సంగతి. ఊరి పేరు, ఆసుపత్రుల పేర్లు రాయను. మనుషుల పేర్లు మార్చాను.

మా పనికి ఆధారమైన పుస్తకం అర్హులైన దంపతుల రిజిస్టరు. పిల్లలు పుట్టే వయసులో భార్య ఉన్న ప్రతి జంటకూ అందులో ఒక వరుస ఉంటుంది. ఏటా ఏప్రిల్‌లో ఇల్లిల్లూ తిరిగి దాన్ని కొత్తగా రాయాలి. ఎవరికైనా గర్భసంచి తీసేస్తే ఆ వరుస చివరి గడిలో ఎర్ర సిరాతో 'హెచ్' అని వేసేవాళ్లం. హిస్టరెక్టమీ అనే మాటకు అది మొదటి అక్షరం. అది పడ్డాక ఆ స్త్రీతో మా శాఖకు పని లేదు. కాన్పు లేదు, కుటుంబ నియంత్రణ లేదు, నెలవారీ రిపోర్టులో ఏ గడిలోకీ రాదు. నేనూ అలాగే ఎర్ర అక్షరం వేసి పక్క ఇంటికి వెళ్లిపోయేదాన్ని. ఐదేళ్లు అలాగే చేశాను.

నేను ఇంటర్ తప్పి ఏఎన్ఎం శిక్షణకు వెళ్లినదాన్ని. శాతాలు, సగటులు నాకు ఎవరూ నేర్పలేదు. రిపోర్టుల్లో అంకెలు కలవక నలుగురిలో మాటలు పడ్డాక, నా అంతట నేనే కూర్చుని నేర్చుకున్నాను. అప్పటి నుంచి ఏ అంకె కనబడినా, దాని పక్క అంకె చూడకుండా వదలలేను.

ఆ ఏప్రిల్‌లో వేట నిషేధం మొదలైన వారానికి పోలమ్మ ఇంటికి వెళ్లాను. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా అరవై ఒక్క రోజులు మోటారు పడవలు సముద్రంలోకి పోకూడదు. మగవాళ్లు ఇళ్ల దగ్గరే ఉండి వలలు బాగు చేసుకుంటారు. పోలమ్మకు అప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. ఇద్దరు పిల్లలు. తట్ట నెత్తిన పెట్టుకుని లోపలి ఊళ్లకు చేపలు అమ్మడానికి వెళ్లేది. ఆ రోజు ఆమె ఇంట్లో కూర్చుని ఉంటే, భర్త ఎర్రయ్య పొయ్యి దగ్గర ఉన్నాడు. మే నెలలో మూడో సోమవారం ఆమెకు గర్భసంచి ఆపరేషన్ అని అతనే చెప్పాడు, పెళ్లి ముహూర్తం చెప్పినంత మామూలుగా.

ఏం బాధ అని పోలమ్మను అడిగాను. ఆమె నవ్వింది.

"బాధేటీ లేదు నర్సమ్మా. కడుపులో మంటొస్తే స్కాన్ తీసినారు. గడ్డున్నాదన్నారు. మావ ఇంటికాడున్నప్పుడే తీయించేసుకుంటే మంచిది కదా. జూన్ దాటినాక నాను మంచాన పడితే బువ్వెవులొండుతారు?"

రిపోర్టు చూపించమన్నాను. రేషన్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవరులో నుంచి తీసి ఇచ్చింది. గర్భాశయం గోడలో ఒక ఫైబ్రాయిడ్, పొడవు ముప్పై నాలుగు మిల్లీమీటర్లు. ఫైబ్రాయిడ్ అంటే గర్భాశయపు కండరంలోనే పెరిగే గడ్డ. ఎంతోమంది ఆడవాళ్లకు ఉంటుంది, చాలామందికి ఉన్నట్టు కూడా తెలియదు. ముట్లు ఆగాక సాధారణంగా కుంచించుకుపోతుంది. అది కేన్సర్‌గా మారడం చాలా అరుదు. స్కాన్ తీసిన నర్సింగ్ హోంలో మాత్రం, ఉంచుకుంటే కేన్సర్ అవుతుందని వీళ్లకు చెప్పి పంపారు. రిపోర్టులో ఆ మాట ఎక్కడా లేదు. మాటకు సంతకం ఉండదు కాబట్టి ఏదైనా చెప్పవచ్చు.

గర్భసంచి తీయడానికి నేను వ్యతిరేకిని కాను. అదే ఊళ్లో ఒకామె నెలకు పది రోజులు రక్తం పోతున్నా ఎవరికీ చెప్పుకోలేదు. హిమోగ్లోబిన్ ఆరుకు పడిపోయి కళ్లు తిరిగి పడితే, నేనే దగ్గరుండి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. మందులతో ఆగకపోతే ఆపరేషన్ చేశారు, ఆమె బతికింది. అవసరమైన చోట అది మంచి ఆపరేషనే. కానీ పోలమ్మ చెప్పినదాంట్లో అవసరం గడ్డ వైపు నుంచి రాలేదు. వంట వైపు నుంచి వచ్చింది.

ఆ సాయంత్రం రిజిస్టరు ముందేసుకున్నాను. ఆ ఊరి పేజీల్లో నలభై ఐదేళ్ల లోపు వాళ్లకు ఎర్ర 'హెచ్' తొమ్మిది చోట్ల ఉంది. ఏ నెలలో తీశారన్న గడి ఆ రిజిస్టరులో లేదు. నేను స్కేలు పెట్టి ఒక గీత గీసి ఆ గడి చేర్చాను. తర్వాత రెండు రోజులు ఆ తొమ్మిది ఇళ్లకూ వెళ్లి అడిగాను. ఎనిమిది ఆపరేషన్లు వేట నిషేధం నెలల్లో జరిగాయి. తొమ్మిదోది దసరాకు ముందు జరిగింది. ఆ ఏడు ఆమె భర్త కాలు విరిగి వేటకు పోలేదు.

ఆ గడి నిండాక నాకు కోపం ఆగలేదు. గర్భసంచికి సముద్రపు చట్టం తెలియదు. గడ్డలు ముదిరే కాలమంటూ ఒకటి ఉండదు. ప్రాణం మీదికొచ్చిన జబ్బయితే ఏడాది పొడవునా ఆపరేషన్లు పడాలి. రెండు నెలల్లోనే పడుతున్నాయంటే, మిగతా పది నెలలూ ఆగగలిగిన జబ్బులవి. ఈ సంగతి ఆడవాళ్లకు తెలియకపోతే తప్పు పట్టను. మగవాళ్లు ఇంట్లో ఉండే కాలం చూసి తేదీ ఇచ్చేవాళ్లకు తెలియదా? అన్నిటికన్నా, ఐదేళ్లుగా ఆ పుస్తకం రాస్తున్న నాకు తెలియకపోవడం ఏమిటి?

ఆ తొమ్మిది మందిలో దానమ్మ ఒకతె. ఎర్రయ్య అన్నగారి భార్య, పోలమ్మకు తోడికోడలు. 2014లో ఆమెకు తీశారు, అప్పటికి ముప్పై ఆరేళ్లు. ఆమెను నెల అడగడానికి వెళ్లినప్పుడు ఒంట్లో ఎలా ఉందని కూడా అడిగాను. మూడేళ్ల తర్వాత అడిగాను. ఒళ్లంతా ఒక్కసారిగా ఆవిర్లు వస్తాయని, చెమటలు పట్టి నిద్ర ఉండదని, కీళ్లు లాగుతాయని చెప్పింది. ఎండలో చేపలు ఎండేసే పని కదా, ఉప్పుగాలికి అలాగే ఉంటుందని అందరూ అంటున్నారట. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం ఉందా అంటే, ట్రంకు పెట్టె అడుగు నుంచి తీసింది. అది ఇంగ్లీషులో ఉంది. మూడేళ్లలో ఎవరూ చదివి చెప్పలేదు. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేసినట్టు ఒకే వాక్యంలో రాసి ఉంది. వాటికేదైనా జబ్బు ఉన్నట్టు మాత్రం ఎక్కడా లేదు. అండాశయాలు తీసేస్తే, ముట్లు ఆగే వయసులో, ఎప్పుడో యాభై దగ్గర రావలసిన మార్పు, ఈ ఆవిర్లతో సహా, ఆ రోజు నుంచే మొదలవుతుంది. ఎముకలు కూడా ముందుగా పలచబడతాయి. నేను నెమ్మదిగా చెప్పాను. ఆ వాక్యం ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది దానమ్మ.

"అయ్యి కూడా తీసేసినారా. ఎవులినడిగి తీసినారు?"

రిజిస్టరులో ఆమె వరుసలో నేను వేసిన ఒక్క అక్షరం ఉంది, అంతే.

పోలమ్మకు ఆపరేషన్ వద్దని నేను చెప్పలేదు. ఏఎన్ఎం అలా చెప్పకూడదు, చెప్పే చదువు నాకు లేదు. లెక్క పెట్టమన్నాను. ఏప్రిల్ నెలాఖరులో ముట్టు రావాలి, మే మూడో సోమవారానికి ఇంకా వ్యవధి ఉంది. ఉపకేంద్రం నుంచి సుద్దముక్క ఇచ్చి, గుడ్డ మార్చినప్పుడల్లా తలుపు వెనక ఒక గీత గీయమన్నాను. ఒక్కో రోజుకు ఒక్కో వరుస. గంటకో రెండు గంటలకో గుడ్డ తడిసిపోయినా, పెద్ద నెత్తురు గడ్డలు పడినా, వారం దాటినా, అది ఎక్కువ రక్తస్రావం కింద లెక్క. పోలమ్మ ఐదు వరుసలు గీసింది. మొత్తం పదకొండు గీతలు, రెండో రోజువి నాలుగు. నెత్తురు గడ్డలు పడలేదు. ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ చూపిస్తే పదకొండు పాయింట్ రెండు వచ్చింది. పన్నెండు ఉండాలి. తక్కువే, కానీ ఐరన్ మాత్రలతో సరిదిద్దగల తక్కువ.

ఈ రెండు అంకెలూ రిఫరల్ చీటీ మీద రాసి, ఆమెను శ్రీకాకుళంలో ప్రభుత్వ లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె పరీక్ష చేసి, రిపోర్టు చదివి, పోలమ్మతోనే మాట్లాడారు, నాతో కాదు. ఇప్పుడు కోయాల్సిన పని లేదన్నారు. రక్తం ఎక్కువైతే ముందు మాత్రలు ఉన్నాయి, గర్భసంచిలో పెట్టే మందు పరికరం ఉంది, గడ్డను మాత్రమే తీసే పద్ధతి ఉంది, ఇవేవీ పనికిరాకపోతే అప్పుడు గర్భసంచి సంగతి అన్నారు. ఆరు నెలలకు మళ్లీ స్కాన్ చేయించుకోవాలి. ఈలోగా రక్తం ఎక్కువైనా, కడుపు పెరిగినా, మూత్రానికి ఇబ్బంది కలిగినా ఆగకుండా రావాలి. కేన్సర్ కాదని రాసిస్తారా అని పోలమ్మ అడిగింది. అలా ఎవరూ ఎవరికీ రాసివ్వలేరని, ఆ భయం ఒక్కదాని మీద మాత్రం తాను కత్తి పట్టనని ఆ డాక్టరు చెప్పారు.

ఎర్రయ్య ఒప్పుకోలేదు. తేదీకి నాలుగు రోజుల ముందు నన్ను పిలిపించాడు. వెళ్లేసరికి అతను వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తున్నాడు. పోలమ్మ, దానమ్మ గడప మీద ఉన్నారు. అతను తల ఎత్తకుండానే మొదలుపెట్టాడు.

"ఇప్పుడు గాకపోతే మళ్లీ వచ్చే ఏడు దాకా ఆగాల. అప్పటికది ముదిరిపోతే నువ్వొచ్చి సూస్తావేటి నర్సమ్మా?"

అతని మీద నాకు కోపం రాలేదు. ఆ ఊళ్లో భార్యకు వేట లేనన్నాళ్లూ వండిపెట్టడానికి సిద్ధపడ్డ మగవాడు అతను. భయం నిజమైనదే, ఆ భయాన్ని అమ్మినవాళ్లు వేరే. ఏడాది ఆగక్కర్లేదని, ఏ నెలలో అవసరమైతే ఆ నెలలోనే తీసుకెళ్తానని చెప్పాను. నేను ఇంకా మాట్లాడుతుండగానే దానమ్మ అందుకుంది.

"ఒరే ఎర్రయ్యా, నీ అన్న కూడా నాకు రెండు నెల్లు వండి పెట్టినాడు. ఆ పులుసు తిన్నందుకు మూడేళ్లై నాకు నిద్దర్లేదు. ఒసే పోలీ, ఆడి సేతి కూడు కావాలంటే జొరమొచ్చిందని పడుకో, సాలు. కడుపు కోయించుకోకు."

ఎర్రయ్య చేతిలో చేప అలాగే ఉండిపోయింది. వదినకు ఏం తీశారో అతనికి అప్పటిదాకా తెలియదు. దానమ్మే చెప్పింది, దాచకుండా, అందరూ వినేలా. పక్కింటి వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. చివరికి పోలమ్మ లేచింది.

"నాకు నొప్పి లేదు. నెత్తురు నానే లెక్కెట్టినాను. నానెల్లను మావా. ఎక్కువైతే నానే సెప్తాను."

ఆ సోమవారం ఆమె వెళ్లలేదు.

తర్వాతి వారం మెడికల్ ఆఫీసరు నన్ను పిలిపించారు. పేషెంట్లను చెడగొడుతున్నానని నర్సింగ్ హోం నుంచి ఎవరో ఆయనకు చెప్పారు. రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు, నోటితో మందలించారు. టీకాలు, గర్భిణుల నమోదు, ఇవే నా పని అన్నారు. నేను రిజిస్టరు తెరిచి, నేను గీసిన గడి చూపించాను. ఆయన తొమ్మిది వరుసలూ వేలితో చూశారు. ఈ గడి ఫార్మాట్‌లో లేదు కదా అన్నారు. లేదన్నాను. పుస్తకం మూసి నా చేతికి ఇచ్చారు. ఆ తొమ్మిది వరుసలూ విడిగా రాసి సూపర్‌వైజరు ద్వారా పైకి పంపాను. రసీదు వచ్చింది, జవాబు రాలేదు. ఫార్మాట్‌లో గడి లేకపోతే, కడుపులో అవయవం పోయినా పోనట్టే.

దానమ్మను కూడా అదే లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మందులు రాశారు. నిద్ర కొంత వచ్చింది. పోయినవి రావు.

పోలమ్మ ఆరు నెలలకు స్కాన్ చేయించుకుంది. ముప్పై ఐదు మిల్లీమీటర్లు. మరుసటి ఏడు కూడా అంతే. హిమోగ్లోబిన్ పన్నెండు దాటింది. మోకాళ్లు సహకరించక 2022లో నేను స్వచ్ఛంద విరమణ తీసుకునే నాటికి ఆమెకు నలభై మూడేళ్లు, గడ్డ ఉంది, గర్భసంచి ఉంది, తట్టతో వ్యాపారం ఉంది. మున్ముందు ఆపరేషన్ అవసరం కావచ్చు, కాకపోవచ్చు. అది ఆమె ఒంటిని చూసి తేలాలి.

ఆ ఏడు తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. ఎవరైనా ఆపరేషన్ తేదీ చెబితే, ఎన్ని రోజులు, ఎన్ని గుడ్డలు, రక్తం ఎంత, గడ్డ ఎంత, అండాశయాలు ఉంచుతారా తీస్తారా అని అడిగేదాన్ని. వీటి తర్వాత, ఆ తేదీనే ఎందుకు అని అడిగేదాన్ని. బాధ తక్కువగా ఉన్నప్పుడు తొందర ఎవరిదో కనుక్కోవాలి. తొందర జబ్బుది అయితే అదే రోజు బస్సెక్కించాను. ఇంకెవరిదైనా అయితే లెక్క పూర్తయ్యేదాకా ఆగమన్నాను. అలా ఆగినవాళ్లలో కొందరికి చివరికి ఆపరేషన్ జరిగింది, ఎందుకు జరిగిందో వాళ్లకు తెలిసే జరిగింది.