దడి అవతలి పొత్తిగుడ్డలు

మా అమ్మాయిని ఇంటికి తెచ్చిన రోజున మా అత్తగారు గుడికి వెళ్లారు.

ఇందులో వింతేముందని మీకనిపించవచ్చు. మా కొత్తపేట వైపు ఇంట్లో పిల్ల పుడితే పురుడు, పురుడంటే మైల. ఆ ఇంటివాళ్లే కాదు, దాయాదులు కూడా పదిరోజులపాటు దేవుడికి దీపం పెట్టరు, గుడి మెట్లెక్కరు. పెంచుకోవడానికి తెచ్చుకున్న పిల్లకి పురుడేమిటని శాస్త్రం తెలిసినవాళ్లు అంటే నేను కాదనను. కానీ ఆవిడ వెళ్లిన పద్ధతి వేరు. శిశుగృహం నుంచి మేం వచ్చిన కారు వీధిలో ఆగుతుండగా పట్టుచీర కట్టుకుని, కొబ్బరికాయ పెట్టిన పళ్లెం పట్టుకుని ఎదురొచ్చారు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ, "మాకు మైలేం లేదండీ, ఎవరూ పుట్టలేదు కదండీ" అని చెప్పుకుంటూ మా పక్కనుంచే నడిచి వెళ్లిపోయారు. నా చేతుల్లో ఉన్న పిల్ల అప్పటికి కూర్చోవడం కూడా సరిగ్గా రానిది. ఆ చీర మెరుపు చూసి నవ్వింది.

ఆ నవ్వు అలాగే ఉండిపోయింది, తీసుకునేవాళ్లు లేక. నాకు ఒళ్లు మండిపోయింది. అందరికీ కోపం వస్తుంది పోతుంది, నీకు మాత్రం వచ్చి కాపురం పెడుతుంది అని మా ఆయన అంటూంటారు. ఆయన చెప్పిన వాటిలో నేను ఒప్పుకునే మాట అదొక్కటే.

పెట్టె సంగతి చెప్పాలి. మా అత్తగారి గదిలో ఒక ట్రంకుపెట్టె ఉంది. అందులో ఆవిడ కట్టి కట్టి మెత్తబడిన నూలుచీరలు, పోయిన మామగారి పంచెలు, వేపాకు, కర్పూరం బిళ్లలు. పుట్టబోయే మనవలకి పొత్తిగుడ్డలకని దాచినవి. మా వైపు పసిబిడ్డ ఒంటికి కొత్తగుడ్డ తగలనివ్వరు. పెద్దవాళ్ల పాతగుడ్డే చింపి వాడతారు. మెత్తదనం ఒకటే కారణం కాదు. పెద్దల గుడ్డతోపాటు పెద్దల ఆయుష్షు వస్తుందని, ఎవరి గుడ్డలో పెరిగితే వాళ్ల మీదే పిల్లకి ప్రేమ కలుగుతుందని నమ్మకం.

నాకు పిల్లలు పుట్టని ఆ ఏళ్లన్నీ ప్రతి ఎండాకాలమూ ఆవిడ ఆ చీరలు తీసి వాకిట్లో మంచాల మీద పరిచేవారు. వెనక పెరడు ఉంది, డాబా ఉంది. అయినా వాకిట్లోనే. వచ్చిపోయేవాళ్లు ఇవేంటండీ అని అడగాలి, ఆవిడ చెప్పాలి. "వాడకుండానే చివికిపోతన్నాయండీ, ఏం చేస్తాం" అంటూ నా పొట్ట వైపు ఒక చూపు చూసేవారు. ఆ చీరల్ని సాయంత్రం మడతపెట్టే పని మాత్రం నాది.

పిల్లకి శిశుగృహంలో పగలూ రాత్రీ డైపర్లే వేసి ఉంచారు. తప్పుబట్టను, అంతమంది పిల్లల్ని చూడాలి వాళ్లు. మా ఇంటికి వచ్చేసరికి తొడల సందుల్లో ఒరిసిపోయి, పచ్చిగా ఉంది. నీళ్లు తగిలితే చాలు గుక్కపట్టి ఏడ్చేది. అమలాపురంలో డాక్టరమ్మగారికి చూపిస్తే ఆవిడ మందు రాసి, "ఈ డైపర్లు మానెయ్యండమ్మా. మెత్తటి నూలుగుడ్డలు కట్టండి. మీ ఇంట్లో పెద్దవాళ్ల చీరలుంటాయి కదా" అన్నారు. ఉన్నాయండీ అన్నాను.

ఇంటికొచ్చి అడిగాను. మా అత్తగారు అరుగు మీద కూర్చుని పనసపొట్టు కొడుతున్నారు.

"అత్తయ్యగారూ, పిల్లకి బాగా ఒరిసిపోయిందండీ. ఆ పెట్టెలోవి ఒకటి రెండు చీరలు ఇస్తారేంటండీ?"

"అవి ఇంటి పిల్లలకని దాచేనమ్మా," అన్నారు. కత్తి ఆగలేదు. గొంతు కూడా ఎంతో మెత్తగా ఉంది. "బజార్లో బోల్డు అమ్ముతున్నారంట కదా. బయట్నించొచ్చిన పిల్లకి బయటివే నప్పుతాయి."

మా ఆయన అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేస్తారు. కాయ చేత్తో పట్టుకుని ఒక్కసారి ఊపి, లోపల ఏముందో చెప్పేస్తారు. తల్లి మనసులో ఏముందో మాత్రం ఆయనకి ఎప్పుడూ తెలియదు. "లోడింగు ఉంది, లారీ వచ్చేసింది, రేపు మాట్లాడతాలే" అన్నారు. ఆ రేపు ఇంకా రాలేదు.

కొత్త నూలుగుడ్డ కొని, ఉడకబెట్టి, ఆరేసి కట్టాను. కొత్తగుడ్డ ఎంత ఉడకబెట్టినా కొత్తగుడ్డే. దాని అంచు ఒరిపిడికి పిల్ల తొడ మీద నెత్తురు చుక్క కనిపించింది. ఆ ఏడుపు దడి దాటి వెళ్లింది.

దడి అవతల ఇల్లు మా చిన్నత్తగారిది, అంటే మా అత్తగారి తోడికోడలిది. పంటకాలవ బోదె గట్టు మీద కొబ్బరిచెట్లు ఎవరి వాటాలోవన్న గొడవతో ఇద్దరికీ మాటలు లేవు. నేను కాపురానికి వచ్చేటప్పటికే లేవు. చిన్నత్తగారికి పిల్లలు పుట్టలేదు. భర్త కూడా పోయారు. వీధిలో ఎవరింట బారసాల అయినా ఆవిడని పిలవరు. పసిబిడ్డ కనిపిస్తే ఆవిడే తల తిప్పుకుని వెళ్లిపోయేవారు, ఎవరూ అనకముందే. గొడ్రాలి చూపు అని మా అత్తగారు అనే మాట నా చెవులతో విన్నాను. నేను పక్కన ఉండగానే అనేవారు, ఒక్క మాటతో ఇద్దరికీ సరిపోతుందని.

ఆ రోజు దడి సందులోంచి ఆవిడ పిలిచారు.

"అమ్మాయ్, పిల్ల అంతలా ఏడుస్తందేంటి?"

"ఒరిసిపోయిందండీ. కొత్తగుడ్డ పడట్లేదండీ."

"మీ అత్తగారి పెట్టె ఉంది కదా?"

నేను నవ్వాను. అంతకంటే చెప్పక్కర్లేకపోయింది. ఆవిడ దడి కర్ర పట్టుకుని, "నాలాంటిదాని గుడ్డ పసిపిల్లకి పనికిరాదంటారమ్మా. నీకేం అభ్యంతరం లేకపోతే నా చీరలిస్తాను" అన్నారు.

"ఇవ్వండి," అన్నాను.

ఆవిడ అరుగు మీద కూర్చుని చీర చింపుతుంటే పిల్ల ఏడుపు ఆపి ఆ చప్పుడు విన్నది. ఎంత ముక్క కావాలో ఆవిడకి తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరం ఎప్పుడూ ఏ పిల్లకీ గోచీ కట్టినవాళ్లం కాదు. ముక్కోణంగా మడిచి, నడుముకి చుట్టి ముడివేస్తే, మొదటిది మోకాళ్ల దాకా జారిపోయింది. రెండోది మరీ బిగిసింది. మూడోది కట్టేలోపే పిల్ల ఆవిడ ఒళ్లో పోసేసింది. చిన్నత్తగారు లేవలేదు. తడిసిన కుచ్చిళ్ల వైపు చూసుకుంటూ చాలాసేపు అలాగే కూర్చున్నారు. అంత సంతోషంగా ఉన్న మొహం ఆ వీధిలో నేను మళ్లీ చూడలేదు.

ఆ గుడ్డలు ఉతికి ఆరేసేటప్పుడు నేను కావాలనే వాకిట్లో దండెం కట్టాను. వీధి గుమ్మం నుంచి కొబ్బరిచెట్టు దాకా. అందరికీ కనిపించాలనే కట్టాను. మా ఊళ్లో ఆడవాళ్లకి ఎవరి చీర అంచు ఏదో కంఠతా వచ్చు. ముదురు పచ్చ అంచు, మధ్య గళ్లు, అవి ఎవరివో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి, "ఏమండీ, మీ తోడికోడలుగారి చీరలు మీ దండెం మీద ఆరుతున్నాయేంటండీ? కలిసిపోయేరా? చాలా సంతోషమండీ" అని మా అత్తగారితో అన్నారు. ఆవిడ సంతోషం నిజమైనదే, చూడటానికి నలుగురినీ పిలుచుకు వచ్చారు కూడా.

మా అత్తగారు "ఆయ్, అలాగేనండీ" అని లోపలికి వచ్చారు. నేను పిల్లకి అన్నం పెట్టి బయటికి వచ్చేసరికి దండెం ఖాళీగా ఉంది. పెరట్లో నీళ్లకాగు కింద ఎండు కొబ్బరిడొక్కలతోపాటు పచ్చ అంచు మండుతోంది.

"గుడ్డలేవండీ?"

"మైలగుడ్డలమ్మా. కాల్చేసేను," అన్నారు మా అత్తగారు. ఇంట్లో మైల లేదని పట్టుచీర కట్టి ఊరంతా చెప్పిన మనిషి. ఆ నీళ్లతోనే స్నానానికి వెళ్లారు.

నేను పిల్లని చంకనేసుకుని, చినుకులు పడుతుంటే తల మీద తువ్వాలు కప్పి, దడి సందులోంచి కాకుండా వీధి గుమ్మంలోంచి, అందరూ చూస్తుండగా చిన్నత్తగారింటికి నడిచాను. జరిగింది చెప్పాను. ఆవిడ తీగ మీద ఆరుతున్న చీర లాగి, పళ్లతో అంచు కొరికి చింపడం మొదలుపెట్టారు.

"రేపు ఏం కట్టుకుంటారండీ?"

"ఇంకోటుందిలే."

ఆ ముసురు రోజుల్లో గుడ్డలు ఆరేవి కాదు. చిన్నత్తగారు డొక్కల నిప్పు మీద తాడు కట్టి ఆరబెట్టి, మడతపెట్టి, దడి మీదుగా అందించేవారు. పిల్ల ఒంటి నిండా పొగ వాసన. పుళ్లు మానాయి. పిల్ల పాకింది. పాకితే దడి వైపే పాకేది.

ఈ లోపల ఒక సంగతి జరిగింది. ఒక మధ్యాహ్నం పిల్ల చాప మీద పడుకుని ఉంది. నేను బావి దగ్గరనుంచి వస్తున్నాను. మా అత్తగారు అటూ ఇటూ చూసి, వంగి, ఒక వేలు పిల్ల గుప్పిట్లో పెట్టారు. పిల్ల పట్టుకుంది. ఆవిడ విడిపించుకోలేదు. ఏదో గొణుగుతున్నారు, పాటో మాటో. నేను కాలి చప్పుడు చేశాను. ఆవిడ వేలు లాక్కుని, చాప మీద దుమ్ము దులిపినట్టు చేశారు. ఆవిడకి ఆ పిల్ల కావలసి వచ్చిందని నాకు అర్థమైంది. నాకు జాలి వెయ్యలేదు. చేతికి ఏదో దొరికినట్టు అనిపించింది.

బారసాల పెట్టుకున్నాం. ముందురోజు మా అత్తగారు పెట్టె తెరిచారు. చీరలు చింపి, ఒక్కో ముక్కకీ అంచు కుట్టి, తెల్లగా ఉతికి, దొంతర పెట్టి నా మంచం మీద పెట్టారు. గదంతా కర్పూరం వాసన. మా ఆయన మొహం విప్పారింది. "చూసేవా, అమ్మ మారిపోయింది" అన్నారు. నిజమే, మారారు. ఆ కుట్టు చూస్తేనే తెలుస్తుంది. చూపు ఆనని కళ్లతో ఒక్కో పోగూ పట్టి కుట్టారు.

నేను ఆ దొంతర తీసుకెళ్లి ట్రంకుపెట్టె మూత మీద పెట్టి వచ్చాను. "ఎవరికోసం దాచేరో వాళ్లకే ఉంచండత్తయ్యగారూ" అన్నాను. ఆవిడ గొంతు ఎంత మెత్తగా ఉంటుందో అంత మెత్తగా అన్నాను.

ఉయ్యాలలో పిల్లని వెయ్యడానికి చిన్నత్తగారిని పిలిచాను. "నా చేత్తో వద్దమ్మా" అని ఆవిడ వెనక్కి వెనక్కి జరుగుతుంటే పిల్లని తీసుకెళ్లి ఆవిడ చేతుల్లో పెట్టేశాను. వచ్చిన పేరంటాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా అత్తగారు వంటింటి గుమ్మంలో పసుపు చేతులతో నిలబడి ఉన్నారు. పాట అయ్యేదాకా ఆ చేతులు కడుక్కోలేదు.

పిల్లకి మాటలు వచ్చాయి. మాటలు నేర్పేది నేను. దడి అవతలి మనిషిని నాన్నమ్మ అనడం నేర్పాను. మా అత్తగారిని మామ్మగారు అనడం నేర్పాను. దారిన పోయే ఏ ముసలావిడనైనా మేం అలాగే అంటాం. అండీ కూడా నేర్పాను, మర్యాదలో లోటు రాకూడదు. చిన్నప్పటినుంచీ ఎంత ముద్దుగా గౌరవిస్తుందో అని చుట్టాలు మెచ్చుకుంటారు.

మా ఆయన ఒకసారి మాత్రం గట్టిగా అన్నారు. "పిల్లని కర్ర చేసి ముసల్దాన్ని కొడతన్నావు. ఇది పాపం."

"అవునండీ," అన్నాను. "ఆ కర్ర బయట్నించొచ్చిందని ముందు చెప్పింది ఆవిడేనండీ."

ఆయన లారీ వచ్చిందని వెళ్లిపోయారు.

మొన్న మా అత్తగారు కొబ్బరిలౌజు చేశారు. ఈమధ్య చేతులు వణుకుతున్నాయి, కోరడానికే పొద్దంతా పట్టింది. పిల్ల ఆవిడ చాప పక్కన ఆడుకుంటోంది. నేను గుమ్మంలో చిక్కుడుకాయలు తుంపుతున్నాను. ఆవిడ ఒక ఉండ చేసి పిల్ల చేతిలో పెట్టారు.

పిల్ల రెండు చేతులతో పుచ్చుకుని, "థాంక్సండీ మామ్మగారూ" అంది.

"మామ్మగారు కాదమ్మా. నాన్నమ్మని. నాన్నమ్మా అని ఒక్కసారి పిలువమ్మా. మా బంగారం కదూ," అన్నారు మా అత్తగారు. ఆ గొంతు నేనెప్పుడూ విననిది.

పిల్ల నా వైపు చూసింది. నేను తల ఊపితే చాలు. ఆవిడ కూడా నా వైపే చూస్తున్నారు. నేను చిక్కుడుకాయ ఈనె తీస్తూ కూర్చున్నాను.

పిల్ల ఆ ఉండ జాగ్రత్తగా తీసుకెళ్లి ఆవిడ అరచేతిలో తిరిగి పెట్టేసి, "వద్దండీ. మా నాన్నమ్మ అక్కడుందండీ" అని దడి వైపు చూపించింది.